నలభై దాటాక తొలి కాన్పు: ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన మిర్యాలగూడ చెల్లెలికి

చెల్లెమ్మా, 41 ఏళ్లకు తొలి కాన్పని తెలిసీ ఇక్కడి ఆసుపత్రి వారు ఆపరేషన్ మాటే ఎత్తడం లేదనీ, మిర్యాలగూడలో మీ అమ్మగారు అదే బెంగ పెట్టుకున్నారనీ మీరు రాసింది చదివాను. ఆ బెంగ ఎక్కడిదో మన నల్లగొండ జిల్లా వారికి విడమరచి చెప్పనక్కరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతమే. పాతికేళ్ల పిల్లలకే పెద్దాపరేషన్ అవుతుండగా చూసిన వారు, మీకది తప్పదనుకోవడంలో వింత లేదు.

అయితే వయసు ఒక్కటే కోతకు కారణం కాదు. వయసు మీద పడిన కొద్దీ బీపీ, షుగర్, మాయ కిందికి ఉండడం వంటివి ఎక్కువవుతాయి కనుక మిమ్మల్ని మరింత జాగ్రత్తగా గమనిస్తారు. నలభై నిండడం, తొలిచూలు కావడం రెండూ కలిసినందున 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ వాడాలని ఇక్కడి వైద్యానికి ప్రమాణాలు సూచించే జాతీయ సంస్థ నైస్ (NICE) మార్గదర్శకాలు చెబుతాయి. అది గుర్రపువాతానికి (గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు) దారితీసే బీపీని అడ్డుకునేందుకు ఇచ్చే మందు; డాక్టరు రాసిస్తే, ఊరి నుంచి ఎవరో వద్దన్నారని మానకండి. దక్షిణాసియా వారికి 24-28 వారాల మధ్య షుగర్ పరీక్ష చేస్తారు. పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి మళ్లీ తీస్తారు. అంతవరకూ ఏమీ తినకూడదు కనుక, తరువాత తినడానికి రెండు జొన్నరొట్టెలు డబ్బాలో పెట్టుకుని వెళ్లండి.

నలభై దాటిన వారికి 39వ వారంలో కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం, పాతికేళ్ల వారికి 41వ వారంలో ఉండేదానితో దాదాపు సమానం. అందుకే 39-40 వారాల మధ్య నొప్పులు తెప్పిస్తామంటారు. అలా తెప్పిస్తే చివరకు ఆపరేషనే అవుతుందని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. కానీ 35 ఏళ్లు దాటిన 619 మంది తొలిచూలు స్త్రీలపై బ్రిటన్‌లో జరిపి 2016లో ప్రచురించిన పరిశోధనలో, 39వ వారంలో నొప్పులు తెప్పించిన వారిలో 32 శాతం మందికి, వేచి చూసిన వారిలో 33 శాతం మందికి సిజేరియన్ అయింది.

మాయ గర్భాశయ ముఖద్వారాన్ని మూసినా, నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు దెబ్బతిన్నా ఆపరేషనే ప్రాణం కాపాడుతుంది, అప్పుడు వెనకాడవద్దు. కారణం లేకపోయినా మీరే కోరుకోవచ్చు, ఆ హక్కు ఇక్కడ ఉంది. కాకపోతే మరో బిడ్డ కావాలనుకుంటే, పాత కుట్టు మీద మాయ అతుక్కునే ప్రమాదం ఉంటుందని ముందే తెలుసుకోండి. ముహూర్తం కోసం 39 వారాలకు ముందే తీయమని మాత్రం అడగవద్దు, బిడ్డకు ఊపిరి ఇబ్బంది ఎక్కువవుతుంది.

మిడ్‌వైఫ్ (కాన్పులు చూసే శిక్షణ పొందిన మంత్రసాని) మాట అర్థం కాకపోతే తెలుగు దుబాసీని అడగండి, డబ్బు కట్టనక్కరలేదు. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే తెల్లవారనిద్దామని ఆగక, అర్ధరాత్రయినా ప్రసూతి విభాగానికి ఫోన్ చేయండి.