అప్‌డేట్: బ్యాటరీ తీయగానే ఆగిపోతున్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కుదుటపడింది

నా మోడల్ విమానంలోని ఫోర్ స్ట్రోక్ గ్లో ఇంజిన్ (ప్లగ్‌లోని వేడి తీగతో ఇంధనాన్ని మండించేది), స్టార్ట్ చేయడానికి ప్లగ్‌కు పెట్టిన బ్యాటరీ తీయగానే తక్కువ వేగంలో ఆగిపోతోందని ఇంతకుముందు అడిగాను. ఇంధనం పాళ్లు సరిచేసే నీడిల్ జోలికి వెళ్లేముందు వాల్వుల సందు (వాల్వు కాడ కొసకూ దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కూ మధ్య ఖాళీ) కొలవమన్న సలహా సరైనదని తేలింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ చివర పైకొసకు చేరి రెండు వాల్వులూ మూసుకొని ఉండవలసిన స్థితిలో ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే రేకులతో) చూస్తే, ఈ ఇంజిన్‌కు 0.04 నుంచి 0.10 మిల్లీమీటర్ల వరకు ఉండవలసిన సందు ఎగ్జాస్ట్ వైపు అసలు లేదు. దాంతో రాకర్ ఆర్మ్ నొక్కుతూనే ఉండి, వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతోంది.

రెండో తప్పు నాదే. టూ స్ట్రోక్ ఇంజిన్ ప్లగ్ బిగించాను. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒక్కసారే ఇంధనం మండుతుంది కనుక, ప్లగ్‌లోని ప్లాటినం తీగ ఆ విరామమంతా వేడిని నిలుపుకోగలగాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లకు ఉద్దేశించిన ఎఫ్ రకం ప్లగ్ వేసి, సందు సరిచేశాక ఇంజిన్ నిలకడగా తిరుగుతోంది.

వెనుక బేరింగ్‌లో మాత్రం కొంత తుప్పు కనిపించింది. పిస్టన్ పక్కనుంచి క్రాంక్‌కేస్‌లోకి జారే మెథనాల్ అవశేషాలు తేమను పీల్చుకోవడమే దీనికి కారణం కావచ్చు. ఇకపై ఎగురవేయడం ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం అయిపోయేదాకా ఇంజిన్ నడిపి, క్రాంక్‌కేస్‌కు ఉండే బ్రీదర్ గొట్టం ద్వారా ఆఫ్టర్‌రన్ ఆయిల్ (వాడాక తుప్పు పట్టకుండా వేసే నూనె) వేస్తాను. బేరింగ్ ఈ వారమే మారుస్తున్నాను.