స్వామిని పూర్తిగా నమ్మినవాళ్లకి భయం ఉండకూడదా?

గిరింపేట అమ్మాయి:
సంక్రాంతికి ముందు మా నాన్న పోయారు, క్యాన్సర్. చిత్తూరులో పెద్ద జబ్బంటే వేలూరే కదా, ఆఖరిదాకా అక్కడికే తిప్పాం. మొన్న పరామర్శకొచ్చిన ఒక పెద్దాయన అమ్మతో, "నువ్వు అంత టెన్షన్ పడ్డావంటేనే స్వామికి పూర్తిగా అప్పజెప్పలేదని అర్థమమ్మా" అన్నాడు. అప్పట్నుంచి అమ్మ దేవుడి గది తలుపు తీయడం లేదు. ఆయన మాటలో న్యాయముందా? మొహమాటం లేకుండా చెప్పండి.

కొర్లగుంట శీను:
చావింట్లో అనాల్సిన మాట కాదది, అందులో సందేహం లేదు. కానీ మాట మాత్రం అబద్ధం కాదు చెల్లీ. పసుపు గుడ్డలో రూపాయి పెట్టి ముడుపు కట్టాక రోజూ విప్పి చూసుకుంటామా? భారం వేశామంటే వేసినట్టే. కరోనా అప్పుడు 2020 మార్చి 20 నుంచి జూన్ దాకా తిరుమల కొండ మీద భక్తులకు దర్శనం ఆపేశారు, లోపల కైంకర్యాలు మాత్రం ఏకాంతంగా జరిగాయి. ఊళ్లో లాడ్జీలు, ట్యాక్సీలు, అంగళ్లు అన్నీ మూత. మా వీధిలో ఆయనే చూసుకుంటాడని నిబ్బరంగా ఉన్నవాళ్లే నిలబడ్డారు, భయపడినవాళ్లు బతికుండగానే సగం చచ్చారు. భయం, నమ్మకం ఒకే ఒరలో ఇమడవు.

తిరుచానూరు రోడ్డు:
ఇముడుతాయి శీనూ. శరణాగతికి, అంటే నువ్వే దిక్కని స్వామికి అప్పజెప్పుకోవడానికి, పెద్దలు చెప్పిన అంగాల్లో మహావిశ్వాసం ఉంది, దాని పక్కనే కార్పణ్యం కూడా ఉంది, అంటే నా వల్ల ఏమీ కాదు, నాకు దిక్కులేదు అని ఒప్పుకోవడం. నిబ్బరంగా ఉన్నవాడికే శరణాగతి అయితే ఆ రెండోది ఎందుకు పెట్టారు? ఇంకోటి, మన పోతన గజేంద్రుణ్ణే తీసుకో. మొసలితో వెయ్యేళ్లు పెనుగులాడి ఒళ్లు సడలిపోయి, ఉన్నాడు ఉన్నాడంటారే అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడ్డాడు, అదీ పిలుస్తూనే. అనుమానపడ్డావు కాబట్టి రాను అన్నాడా స్వామి? చక్రం, శంఖం కూడా చూసుకోకుండా, లక్ష్మీదేవికి చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. వేలూరు ఆసుపత్రి బెంచీ మీద రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని గోవిందా అనుకునే ఆడమనిషి నమ్మకం నీ నిబ్బరం కంటే ఏం తక్కువ? ఆమె అప్పుడు వేరే ఎవర్నీ పిలవలేదు కదా.

మురకంబట్టు:
గజేంద్రుడు బతికాడు సరే. బతకనివాళ్ల సంగతి? 2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి తిరుపతి తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. వాళ్లకు నమ్మకం లేకనా? నమ్మితే కాపాడతాడు అనే లెక్క దగ్గరే నాకు పడదు.

తిరుచానూరు రోడ్డు:
ఆ లెక్క నాదీ కాదన్నా. ఆ ఆరుగురి ఇళ్లకు వెళ్లి మీ నమ్మకం చాలలేదు అనే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. ఎందుకిలా జరిగిందంటే నా దగ్గర జవాబు లేదు. ఫలితం మన చేతిలో లేదని తెలిసి కూడా ఆయన్ని వదలకపోవడమే నేను నమ్మకం అంటాను. అందులో ఏడుపు ఉంటుంది, కోపం కూడా ఉంటుంది.

చర్చి వీధి:
మేము క్రైస్తవులం, అయినా చెప్పాలనిపించింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే వేదనపడి, వీలైతే ఈ గిన్నె, అంటే రాబోయే ఆ బాధ, నా నుంచి తొలగించమని ప్రార్థించాడు. ఆయనకు విశ్వాసం లేదని ఏ పాస్టరూ అనడు.

కొర్లగుంట శీను:
అక్కా, కార్పణ్యం సంగతి ఒప్పుకుంటా. కానీ రాత్రీ పగలూ భయాన్నే పట్టుకుని కూర్చుంటే మనిషి మిగలడు, నా బాధ అది. నామం చెప్పుకుంటూ ఉంటే భయం కొంతైనా దిగుతుంది, అది నేను చూశాను.

గిరింపేట అమ్మాయి:
ఇంకొక్కటి. ఏడాది దాకా కొండకు పోకూడదంటున్నారు. అమ్మకి అదొక బెంగ, స్వామి కూడా దూరం పెట్టాడని.

తిరుచానూరు రోడ్డు:
కొండకు పోకపోవడం మన ఇళ్లలో ఆచారం తల్లీ, స్వామి వేసిన శిక్ష కాదు, ఆ మాట అమ్మకు విడమరిచి చెప్పు. దేవుడి గది తలుపు నువ్వే తీసి దీపం పెట్టు, ఆమెను రమ్మని బలవంతం చేయొద్దు. తిట్టాలనిపిస్తే అక్కడే నిలబడి ఆయన్నే తిట్టమను. ఆ పెద్దాయన మళ్లీ వస్తే మీ మేనమామనో బాబాయినో వాకిట్లోనే మాట్లాడి పంపించమను. అమ్మ సరిగా తింటోందా?