అక్వేరియం రాళ్లలో పురుగులు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

అలలతీరం:
సాయంత్రం నుంచి వీటితోనే సరిపోయింది, అవేంటో ఇంకా తేలలేదు. లైట్లు ఆపేశాక రాళ్ల సందుల్లోంచి జెర్రిలాంటి పొడవాటి పురుగులు బయటికొస్తున్నాయి. టార్చి వెయ్యగానే లోపలికి దూరిపోతున్నాయి. అద్దం మీద, పంపు మీద తెల్లటి చుక్కలు బోలెడు, వాటి గుడ్లేమో. పొద్దున్న రొయ్య చచ్చిపడి ఉంది, దాన్ని ఇవే తింటున్నాయి. ఇంట్లో చిన్న పిల్లాడున్నాడు, మాటిమాటికీ ట్యాంకు దగ్గరికే వెళ్తాడు. చాలా టెన్షన్‌గా ఉంది. రాళ్లన్నీ తీసి మరిగే నీళ్లలో వేసేద్దామనుకుంటున్నా. వెయ్యొచ్చా?

గాజుతొట్టి:
మేత ఎక్కువైతే ఇలాగే వస్తాయండీ. కొంచెం నీళ్లు మార్చి గుప్పెడు కల్లుప్పు వేయండి. నా గప్పీ చేపల మంచినీటి ట్యాంకులో అలాగే తగ్గాయి.

అలలతీరం:
ఉప్పు వెయ్యడమేంటండీ, ఇది ఉప్పునీటి ట్యాంకే కదా! క్లౌన్ చేపలున్నాయి.

గాజుతొట్టి:
ఆ మాట మీరు ఎక్కడా రాయలేదు.

నీటిగుర్రం:
ఫోటో పెట్టండి. పక్కల తెల్ల కుచ్చులున్నాయా? తల మీద మీసాలెన్ని?

పగడాలదీవి:
అలలతీరం గారూ, ముందు ఒక్క మాట. రాళ్లు మరిగించొద్దు, దయచేసి. మైక్రోవేవ్‌లో అసలే పెట్టొద్దు. రాళ్ల మీద జోవాంథిడ్లు (పగడాల బంధువులైన మెత్తటి జీవులు), ముఖ్యంగా పాలీథోవా జాతివి ఉంటే వాటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. ఇలా మరిగించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబమంతా ఆసుపత్రిలో చేరిన కేసులు వేరే దేశాల్లో ఉన్నాయి. పిల్లాడున్న ఇంట్లో ఆ ఆలోచనే వద్దు.
ఇక పురుగుల సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి బ్రిసిల్ వర్మ్‌లే, అంటే పక్కల ముళ్లలాంటి కుచ్చులుండే పురుగులే అయ్యుండాలి. మిగిలిపోయిన మేత, చచ్చినవీ తిని బతుకుతాయి. రొయ్యని అవి చంపి ఉండవు. అసలు అది రొయ్యేనా, ఎదుగుతూ విడిచిన పై పెంకా? వీపు దగ్గర చీలి, లోపల ఖాళీగా ఉంటే పెంకే. కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య ఏదో సందులో దాక్కుని ఉంటుంది.
తెల్ల చుక్కలు గుడ్లు కావు. దగ్గరగా చూడండి, నత్తగుల్లలా చుట్ట తిరిగి ఉంటాయి. స్పైరార్బిడ్ అనే గొట్టం పురుగులు. నీళ్లలోని నలుసులు వడకట్టుకు తింటాయి, ఏ హానీ లేదు. అద్దం మీదవి పాత ప్లాస్టిక్ కార్డుతో గీకేయండి.

తీరరక్షణ:
అసలు ఆ రాళ్లు ఎక్కడివి, పగడపు దిబ్బలోంచి కొట్టుకొచ్చినవా? రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ 1లో చేర్చారు. కొనడం, అమ్మడం కూడా నేరమే. తమిళనాడు పక్కనున్న మన్నార్ సింధుశాఖలో 21 దీవులుంటే రెండు నీట మునిగిపోయాయి, సున్నం కోసం పగడపు దిబ్బలు తవ్వేయడం దానికో కారణం. ఇళ్లలో అలంకారానికి రాళ్లు కావాలనేవాళ్లు ఇది ఆలోచించాలి.

అలలతీరం:
నేను సముద్రంలోంచి కొట్టుకు రాలేదండీ. ఒక ఫ్రెండ్ ట్యాంకు ఎత్తేస్తూ ఇచ్చాడు. మీరు చెప్పేది మంచి విషయమే, ఇప్పుడు నాకు కావాల్సింది మాత్రం పురుగుల సంగతి. రొయ్య విషయం పొద్దున చూస్తా. నిన్న రాయి పక్కకి జరిపితే వేలి నిండా సన్నటి తెల్ల ముళ్లు గుచ్చుకుని మంట పుట్టింది. ఇంకా దురదగా ఉంది. అది వీటి వల్లేనా?

నీటిగుర్రం:
ఇది ముందే చెప్పాలి. అయితే ఫైర్‌వర్మ్, కుడితే మంట పుట్టించే పురుగు.

పగడాలదీవి:
కుట్టినంత మాత్రాన కాదు బ్రదర్. మామూలు బ్రిసిల్ వర్మ్ కుచ్చులూ గుచ్చుకుంటాయి. పగడాలు తినే హెర్మోడిస్ అనే ఫైర్‌వర్మ్ ఉండేది అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల్లో. మన వైపు రాళ్లలో ఎక్కువగా యూరిథోయ్ రకం.

నీటిగుర్రం:
యూరిథోయ్ కూడా ఫైర్‌వర్మ్‌ల కుటుంబమే, ఆంఫినోమిడే.

పగడాలదీవి:
కుటుంబం ఒకటే, నేను కాదనలేదు. రెండూ తినేవి వేరు. ఆవిడ అడుగుతున్నది పగడాలకి, చేపలకి ముప్పుందా అని.
అలలతీరం గారూ, వేలి మీద సెలోటేప్ అంటించి లాగితే ముళ్లు చాలావరకు వస్తాయి. తర్వాత కాస్త వెనిగర్ రాయండి. వాపు పెరిగితే డాక్టరుకి చూపించండి. ఇకమీదట గ్లౌజులు లేకుండా చెయ్యి పెట్టొద్దు, బాబుని కూడా పెట్టనివ్వకండి.

మీనం_77:
కుక్కలకిచ్చే నులిపురుగుల మాత్ర కొంచెం నూరి వేయండి, అన్నీ పోతాయి.

పగడాలదీవి:
వద్దండీ. వాటితోపాటు మంచి గొట్టం పురుగులూ, కొన్ని మెత్తటి పగడాలూ పోతాయి. అన్నీ రాళ్లలోపల ఒకేసారి కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపలకే ప్రాణం మీదికొస్తుంది. మేత తగ్గిస్తే వాటి సంఖ్య దానంతటదే పడిపోతుంది. మరీ ఎక్కువనిపిస్తే చిన్న ప్లాస్టిక్ సీసాలో రొయ్య ముక్క పెట్టి, సన్నటి బెజ్జాలు చేసి, రాత్రి ఇసుక మీద ఉంచండి. పొద్దున్నే సీసాతో సహా తీసేయొచ్చు.

నీటిగుర్రం:
తల చూడకుండా ఏదీ తేల్చలేం. మీసాలు ఐదుండి, పక్కల తెల్ల కుచ్చులు లేకుండా ఒళ్లు ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిస్తే అది యూనిసిడ్ అనే వేరే రకం పురుగు. దాన్ని మాత్రం వదలకూడదు, కొన్ని రకాలు పగడాలనీ, చేపలనీ కూడా తింటాయి. టార్చికి ఎర్ర కాగితం కట్టి చూడండి, ఎర్ర వెలుగుకి అంత త్వరగా పారిపోవు.

అలలతీరం:
ఎర్ర కాగితం కట్టి చూశా. అన్నిటికీ తెల్ల కుచ్చులున్నాయి, ఒళ్లు లేత గులాబీ. ఒకటి మాత్రం బాగా పొడవు, తల బయటికి పెట్టట్లేదు. రాళ్లు మరిగించనులెండి. థాంక్సండీ అందరికీ.

నీటిగుర్రం:
ఆ పొడవు దాని ఫోటో పెట్టండి.