సిగరెట్టు మానడానికి వాడే వరెనిక్లిన్ కోర్సు వచ్చే వారంతో అయిపోతోంది: ఒక్కసారే ఆపాలా, తగ్గించుకుంటూ రావాలా?

చెరువుగట్టు (ముమ్మిడివరం)
అందరికీ నమస్కారమండి. నాకు 41 ఏళ్లు, రొయ్యల చెరువులు చేస్తాను. ఇరవై ఏళ్ల సిగరెట్టు. చివర్లో రోజుకి రెండు పెట్టెలు. రాత్రి కాపలా ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు పోయి నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందన్న భయంతో ఒకటి ఆరకముందే ఇంకోటి వెలిగించేవాణ్ణి. కాకినాడలో డాక్టరు గారు వరెనిక్లిన్ రాశారు. మూడు రోజులు అర మిల్లీగ్రాము ఒక పూట, నాలుగు రోజులు రెండు పూటలా అర, ఆపైన పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మిల్లీగ్రాము మాత్ర. ఎనిమిదో రోజున సిగరెట్టు వదిలేశాను. ఇవాళ్టికి 70 రోజులు, ఒక్క దమ్ము లేదు.

ఇంక 14 మాత్రలు మిగిలాయి. డాక్టరు గారిని మళ్లీ కలిసేది పై నెల్లో. మూడు వారాల్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, నా టెన్షన్ అంతా అప్పుడే. అడగాల్సినవి మూడు. మాత్రలు అయిపోగానే ఆపేయవచ్చా, తగ్గించుకుంటూ రావాలా? ఈ కలలు ఎప్పుడు పోతాయి? పోయిన మా నాన్న వారానికి మూడు రాత్రులు వస్తున్నారు, గట్టు మీద కూర్చుని సిగరెట్టు అడుగుతున్నారు. మెలకువ వచ్చేసరికి నా చెయ్యి జేబు తడుముతోంది. మూడోది, ఆరు కిలోలు పెరిగాను. తగ్గుతుందా?

లంకగాలి (రాజోలు)
మీది 12 వారాలే తమ్ముడూ. నేను నికోటిన్ గమ్ రెండేళ్ల ఏడు నెలలు నమిలాను. దానికీ ఒక లెక్క ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి ఒకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఒకటి. అంతటితో ఆపేయాలి. నేను కిళ్లీ కొట్లో కొనేవాణ్ణి, రేకు చింపి రెండు చేతిలో పెట్టేవాడు, ఇంక ఆ కాగితం చదివేది ఎప్పుడు? నేను నమిలే పద్ధతీ తప్పే. చురుక్కుమనగానే నమలడం ఆపి బుగ్గన పెట్టుకోవాలి. నేను తాంబూలంలా నమిలి రసం మింగాను. కడుపులో మంట, ఆగని వెక్కిళ్లు.

చివరికి రోజువారీ లెక్కలో ఒక్కొక్కటి తీసేసి దాని బదులు మామూలు పిప్పరమెంటు గమ్ వేసుకుంటూ వచ్చాను. పన్నెండు నుంచి మూడుకి దిగడానికి నెల పట్టలేదు. ఆ మూడు వదలడానికి ఐదు నెలలు పట్టింది. భోజనం తర్వాతదైతే ఓ పట్టాన వదల్లేదు. ఆ రోజుల్లో ఖాళీ రేకు జేబులో పెట్టుకుని తిరిగాను. బొటనవేలితో నొక్కితే చిటుక్కుమనే ఆ చప్పుడు చాలు, ఆ పది నిమిషాలు గడిచిపోయేవి. ఆ రేకు ఇప్పటికీ బీరువాలో ఉంది, పారేయను.

మందులకొట్టు22 (పాలకొల్లు)
22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను. వరెనిక్లిన్‌కి తగ్గించుకుంటూ రావడం అక్కర్లేదు. 12 వారాలు అయ్యాయి, ఆపేయండి. ఒంట్లో ఆ మందు సగానికి దిగడానికే సుమారు 24 గంటలు పడుతుంది. దానంతటదే మెల్లగా దిగుతుంది. లేనిపోని భయాలు పెట్టుకోకండి.

తణుకుపంతులు
మందులకొట్టు గారూ, లేనిపోని భయం కాదండి, నా ఒంటి మీదికి వచ్చింది. నిరుడు మీలాగే చెబితే 84వ రోజు రాత్రి మాత్ర వేసుకుని, 85వ రోజు నుంచి మానేశాను. మూడో రోజు నుంచి నిద్ర లేదు. ఎక్కం తప్పు చదివాడని మా చిన్నవాడి మీద చెయ్యి చేసుకున్నాను. వాడి మీద నేను అంతకు ముందు ఎప్పుడూ చెయ్యెత్తలేదు. పన్నెండో రోజున నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడి ఉంటే పక్కాయన వెలిగించాడు. అడిగి తీసుకున్నాను. సఖినేటిపల్లి వైపు దిగేలోపు రెండు కాల్చాను.

మందు ఆపాక చిరాకు, కాల్చాలన్న యావ, దిగులు, నిద్రలేమి రావచ్చని, నూటికి ముగ్గురి దాకా అలా జరిగిందని కంపెనీ కాగితంలోనే ఉంది. ఆ ముగ్గురిలో నేనున్నాను. మళ్లీ మొదలుపెట్టే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకి మోతాదు తగ్గించుకుంటూ ఆపే సంగతి ఆలోచించవచ్చని ఇంగ్లండులో డాక్టర్లకి ఇచ్చే కాగితంలో రాశారు. రెండోసారి మా డాక్టరు గారు అలాగే చేయించారు. రెండు వారాలు రెండు పూటలా అర మిల్లీగ్రాము మాత్ర, ఇంకో రెండు వారాలు పొద్దున ఒక్కటే, తర్వాత సున్నా. ఎనిమిది నెలలైంది. మా చిన్నవాడు ఇప్పుడు నా పక్కనే పడుకుంటున్నాడు.

మందులకొట్టు22 (పాలకొల్లు)
నూటికి ముగ్గురంటే మిగతా 97 మంది మామూలుగానే ఆపేశారనేగా? ఒక్కరి అనుభవం అందరికీ పూయకండి.

తణుకుపంతులు
ఆ ముగ్గురిలో చెరువుగట్టు గారు ఉండరని మీరు రాసిస్తారా?

అరటిగెల (రావులపాలెం)
ఇంత గొడవెందుకండీ. మా ఇంటాయనకి సిగరెట్టు మానడానికి బ్యుప్రోపియాన్ రాశారు, 150 మాత్ర రెండు పూటలా. ఆపేటప్పుడు నేనే కత్తిపీట మీద సగం చేసి పది రోజులు 75 చొప్పున ఇచ్చాను. ఏమీ కాలేదు. సగం చేసుకుని వేసుకోండి తమ్ముడూ, అంతే.

మందులకొట్టు22 (పాలకొల్లు)
అమ్మా, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. అది ఎస్‌ఆర్ మాత్ర, మందు గంటల తరబడి కొంచెం కొంచెంగా విడుదలయ్యేలా చేసినది. కోస్తే ఆ పద్ధతి పోయి మందు ఒక్కసారిగా దిగుతుంది. మోతాదు ఒక్కసారిగా పెరిగితే ఫిట్స్ వచ్చే మందు అది. రెండు మాత్రల మధ్య కనీసం 8 గంటలు ఎడం ఉండాలనేదీ అందుకే. సిగరెట్టు మానడానికి వాడినప్పుడు దాన్ని తగ్గించుకుంటూ ఆపాల్సిన పని కూడా లేదు. మీరు కోసింది అక్కర్లేని కోత.

అరటిగెల (రావులపాలెం)
మా ఆయన మంచం పక్కన పది రాత్రులు కూర్చున్నది నేను, మీరు కాదు. ఏమీ కాలేదని చెబుతున్నాను కదా. నన్ను చంపబోయినదానిలా మాట్లాడతారేంటి?

మందులకొట్టు22 (పాలకొల్లు)
మిమ్మల్ని అనడం లేదు. ఇది చదివి ఇంకొకరు కత్తిపీట ముందేసుకుంటారు. ఆ ఇంకొకరికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చి ఉండవచ్చు, రోజూ మద్యం తాగి మొన్ననే ఒక్కసారిగా మానేసి ఉండవచ్చు. అలాంటివాళ్లకి అసలు ఆ మందే పనికిరాదు.

అరటిగెల (రావులపాలెం)
అంత బాధ్యత ఉంటే చీటీ లేకుండా అమ్మడం మానండి ముందు. మాకు ఆ మాత్రలు రెండోసారి చీటీ అడక్కుండానే ఇచ్చారు ఒక కొట్లో. కోయకూడదని అప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే కోసేదాన్నా?

మందులకొట్టు22 (పాలకొల్లు)
నా కొట్లో అలా జరగదు. కానీ మీకు ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం తప్పే. అది మా వృత్తివాళ్ల తప్పు, ఒప్పుకుంటున్నాను.

తణుకుపంతులు
అమ్మా, నేను వేసుకున్నది సగం ముక్క కాదు. వరెనిక్లిన్‌లో అర మిల్లీగ్రాము మాత్ర విడిగా వస్తుంది, మొదటి వారం వాడేది అదే. దాన్నీ కోయకుండానే మింగాలి. మీ మాట నా మాట ఒకటి చేయకండి.

ఇంకొకటి, అసలు మన లంకల్లో పొగాకు, ఆ పాడు పంట వేయడం మానితే సగం పీడ పోతుంది.

సీతానగరంరైతు
పంతులు గారూ, ఆ మాట బాధ పెట్టింది. లంక పొగాకు మా తాత వేశాడు, మా నాన్న వేశాడు. వరద తీశాక ఒండ్రు మీద ఆ ఆకు ఎదిగినట్టు ఇంకేదీ ఎదిగేది కాదు. చుట్టలకి పేరున్న ఆకు. 1947లో రాజమండ్రిలో పొగాకుకే పరిశోధన కేంద్రం పెట్టి వేయమన్నది ఎవరు? మాకు చదువులు, పెళ్లిళ్లు ఆ ఆకు మీదే అయ్యాయి. నేను పంట మార్చి కూరగాయలు పెట్టాను, రెండేళ్లు నష్టపోయాను. పాడు పంట అని మా నాన్న వినేలా అనకండి. ఆయనకిప్పుడు ఊపిరితిత్తుల జబ్బు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

తణుకుపంతులు
క్షమించండి. తొందరపడ్డాను.

గోదారికోడలు (అమలాపురం)
చుట్ట మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు. అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిలంతా తెల్లగా పాలిపోయి మధ్యలో ఎర్రటి చుక్కలు ఉండేవి. చిన్నప్పుడు దీపం పట్టుకుని నేనే చూశాను. తర్వాత అక్కడే పుండు పడింది, అది క్యాన్సరు. ఇప్పుడు మా మేనత్త అదే అలవాటులో ఉంది, 66 ఏళ్లు. ఈ మాత్రలు చుట్టవాళ్లకి కూడా రాస్తారా?

పట్టీవాడు (భీమవరం)
ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీ వాడినవాళ్లు ఎవరూ లేరా? దాంట్లో తగ్గించడం పెట్టెలోనే ఉంది: 21 మిల్లీగ్రాములు ఆరు వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. రోజుకి పది కంటే ఎక్కువ కాల్చేవాళ్లకి ఇది. నా బాధల్లా చెమట. మే నెల ఉక్కపోతకి మధ్యాహ్నానికి ఊడి బనీనుకి అంటుకునేది. స్నానం అయ్యాక సబ్బు జిడ్డు లేకుండా తుడుచుకుని, చోటు మార్చి, అరచేత్తో పది సెకన్లు నొక్కితే నిలిచింది.

డెల్టాఅన్నపూర్ణ (మండపేట)
ఆ వరెనిక్లిన్‌కి పిచ్చి ఆలోచనలు వస్తాయట కదా, ఆత్మహత్య దాకా వెళ్తారట. మా అన్నయ్య అందుకే మొదలుపెట్టడం లేదు.

మందులకొట్టు22 (పాలకొల్లు)
అమెరికాలో 2009లో పెద్ద హెచ్చరిక పెట్టిన మాట నిజం. 8,000 మందికి పైగా వాళ్ల మీద చేసిన పెద్ద పరీక్ష తర్వాత 2016లో దాన్ని తీసేశారు. మీ అన్నయ్యకి దిగులు జబ్బు ఏదైనా ఉంటే డాక్టరుకి ముందే చెప్పమనండి. భయపడి సిగరెట్టు కాలుస్తూ కూర్చోవద్దనండి. సిగరెట్టు పెట్టె మీదే మానడానికి సాయం చేసే నంబరు ఉంటుంది, 1800-11-2356, డబ్బులు పడవు.

కాఫీరామచంద్రపురం
నేను చెప్పేది అందరూ వినండి, నాకు ఇది ఎవరూ చెప్పక మూడు వారాలు నరకం చూశాను. పొగ మానాక కాఫీ తగ్గించాలి. పొగలో ఉండే పదార్థాల వల్ల మన కాలేయం కెఫీన్‌ను తొందరగా ఖర్చు చేసేస్తుంది. పొగ ఆగితే ఆ వేగం పడిపోతుంది. అవే ఐదు గ్లాసులు తాగినా ఒంట్లో అంతకంతా కెఫీన్ నిలుస్తుంది. చేతులు వణకడం, గుండె దడ, నిద్ర లేకపోవడం. మందు పడలేదనుకుని నేను మాత్రలు ఆపబోయాను. రెండు గ్లాసులకి దిగాక నాలుగు రోజుల్లో సర్దుకుంది.

ఇంకా ముఖ్యమైనది. మా నాన్నగారు ఆయాసానికి థియోఫిలిన్ వాడతారు. ఆయన బీడీ మానిన రెండో వారంలో వాంతులు, గుండె దడ. డాక్టరు గారు మోతాదు తగ్గించారు, కారణం అదే. ఇది నికోటిన్ వల్ల కాదు, పొగ వల్ల. కాబట్టి గమ్ నములుతున్నా, పట్టీ వేసుకున్నా ఇలాగే జరుగుతుంది. సీతానగరం రైతు గారూ, మీ నాన్నగారు పొగ మానితే ఆయన మందులన్నీ డాక్టరుకి చూపించండి.

సీతానగరంరైతు
మానలేదండి ఇంకా. రోజుకి రెండు చుట్టలకి వచ్చారు. ఆ మందు ఆయనకీ ఉంది. రేపు చీటీ తీసుకెళ్తాను.

లంకగాలి (రాజోలు)
కాఫీ అంటే గుర్తొచ్చింది. గమ్ వేసుకునే ముందు పావుగంట కాఫీ, సోడా తాగకూడదు. నోట్లో నికోటిన్ సరిగ్గా పీల్చుకోదు.

చెరువుగట్టు (ముమ్మిడివరం)
అందరికీ పేరు పేరునా దండాలండి. ఇవాళ డాక్టరు గారు ఫోన్లో దొరికారు. పంతులు గారి అనుభవం, మందులకొట్టు గారి మాట రెండూ చదివి వినిపించాను. చాలామంది ఒక్కసారే ఆపేస్తారు, ఏమీ కాదన్నారు. నా విషయంలో మాత్రం పట్టుబడి ముందు ఆపవద్దన్నారు. సిగరెట్టు మానగలిగినవాళ్లకి ఇంకో 12 వారాలు కూడా రాస్తారట. పట్టుబడి అయ్యి డబ్బు చేతికొచ్చాక, రెండు పూటలా అర మిల్లీగ్రాము మాత్రకి దిగి, ఆపైన ఒక పూటకి దిగి ఆపుదామన్నారు. కిడ్నీ పరీక్ష ఒకటి రాశారు. రాత్రి మాత్ర పడుకోబోయే ముందు కాకుండా ఏడింటికే భోజనం చేసి గ్లాసుడు నీళ్లతో వేసుకోమన్నారు, కలలకి. నిన్న అలాగే చేశాను. నాన్న రాలేదు.

అక్కా, అరటిగెల గారూ, మీరు మంచికే చెప్పారు. నేను మాత్రం ఏదీ కోయను.

బరువు సంగతి ఎవరూ చెప్పలేదు.

అరటిగెల (రావులపాలెం)
మా ఆయనకి ఐదు కిలోలు పెరిగింది. మూడు తగ్గడానికి ఏడాది పట్టింది, రెండు ఉండిపోయాయి. నేను దాన్ని పట్టించుకోవడం మానేశాను, దగ్గు పోయింది కదా. రాత్రి కాపలాలో జంతికలు, మిక్చరు దగ్గర పెట్టుకోకండి. గంటకోసారి లేచి చెరువు చుట్టూ ఒక రౌండు తిరగండి, ఏరేటర్లు చూసుకున్నట్టూ ఉంటుంది.

గోదారికోడలు (అమలాపురం)
మా మేనత్త గురించి ఎవరైనా చెబుతారా?