ఋషికొండ నుంచి సూర్యుణ్ణి కొలిస్తే నడిసముద్రంలో తేలుతున్నాను, ఏం చేయాలి?

మర్చంట్ నేవీలో చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి సార్. మాది వైజాగ్. సూర్యుడు హొరైజన్‌కి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నాడో కొలిచి, మనమున్న చోటు కనుక్కునే పరికరం, సెకండ్ హ్యాండ్ ప్లాస్టిక్ సెక్స్టెంట్ ఒకటి కొన్నాను. ఏప్రిల్ మూడో వారంలో ఋషికొండ బీచ్‌లో నిలబడి పొద్దున 8కి, మళ్లీ 10కి సూర్యుడి ఎత్తు కొలిచాను. ఇండెక్స్ ఎర్రర్ (పరికరంలోనే ఉండే తేడా) సరిచేశాను. కంటి ఎత్తు 2 మీటర్లే కాబట్టి డిప్ (కంటి ఎత్తు వల్ల హొరైజన్ కాస్త కిందికి కనపడే తేడా) కింద రెండున్నర మినిట్లు (డిగ్రీలో 60వ వంతులు) తీసేశాను.

ఒక్కో కొలతకి చార్టు మీద ఒక్కో గీత వస్తుంది, అవి కలిసిన చోటే మనమున్నట్టు. తీరా గీస్తే రెండు గీతలూ దాదాపు రైలు పట్టాలే. రెండు గంటల్లో సూర్యుడి దిక్కు మారింది 11 డిగ్రీలే మరి! తూర్పు పడమరలు ఫర్వాలేదు గానీ, అక్షాంశం 17°47′ రావాల్సింది 14 మైళ్లు దక్షిణానికి పోయింది. లెక్క ప్రకారం సముద్రంలో ఉన్నాను, కాళ్ల కింద మాత్రం ఇసుకే.

పోనీ మధ్యాహ్నం 11:55 ప్రాంతంలో పట్టుకుందామంటే సూర్యుడు 83 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి దగ్గరగా ఉంటాడు. సెక్స్టెంట్ అటూ ఇటూ ఊపితే బింబం హొరైజన్ వెంట జారిపోతుంది, ఎక్కడ ఆనిందో తెలిసి చావదు. సాయంత్రం సంగతి సరేసరి, పడమటంతా కొండలే.

11:40 నుంచి 12:10 దాకా వరసగా పదిపన్నెండు కొలతలు తీసుకుని, దేని గీత దానికి గీస్తే కుదురుతుందా? ఓడ మీదైతే ఈ నెలల్లో మీరెలా చేసేవాళ్లు? మధ్యాహ్నం సూర్యుడు కిందికి దిగే డిసెంబరు దాకా ఆగే ఓపిక నాకు లేదు.