చెవిలో ఆగని కీచురాళ్ల మోత: టిన్నిటస్‌కి మన వైపు ఎవరైనా వైద్యం చేయించుకున్నారా?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లు లారీ బాడీల పని చేశారు, ఆ సుత్తి దెబ్బల మధ్య చెవుల్లో దూది పెట్టుకున్నది కూడా లేదు. ఎనిమిది నెలలుగా రెండు చెవుల్లోనూ గుయ్‌మని ఒకటే మోత, రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఇక నిద్ర లేనట్టే. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీస్తే సన్నటి శబ్దాలు సరిగ్గా వినపడటం లేదని తేలింది. బీటాహిస్టిన్ అనే మందు మూడు నెలలు వాడాం, ఏం లాభం లేదు. (మా పిన్ని వెల్లుల్లి నూనె పోయమంటోంది, నేను పోయనివ్వలేదు.)

మోతని పూర్తిగా పోగొట్టే మందు లేదని, వినికిడి తగ్గినవాళ్లకి హియరింగ్ ఎయిడ్ పెడితే బయటి శబ్దాల్లో అది కలిసిపోయి కొంత తెరిపి ఉంటుందని డాక్టరు చెప్పారు. రెండు చెవులకీ మంచివి కొనాలంటే మాటలు కాదు కదా, కొనేముందు కొన్నాళ్లు వాడి చూడనిచ్చే చోటు గవర్నర్‌పేట, సూర్యారావుపేట వైపు ఎక్కడైనా ఉందా? సీబీటీ అనే కౌన్సెలింగ్ మోతని తగ్గించదు గానీ దానివల్ల వచ్చే టెన్షన్ తగ్గిస్తుందట. అది తెలుగులో చెప్పేవాళ్లు గుంటూరులో ఉన్నా సరే, తీసుకెళ్తాను. ఈ మోత కోసమే నాలుక మీద పెట్టే లెనైర్ అనే పరికరానికి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, మీకు తెలిసినవాళ్లెవరైనా వాడారా? వాడితే నిజంగా ఎలా ఉందో చెప్పండి.