ఫొటోలు చూసి మార్కులు వేయడం ఎలా?

ప్రశ్న: హైస్కూల్‌లో సైన్స్ చెప్తానండి. లివర్ల (కత్తెర లాంటి మీటల) పాఠం అయ్యాక రాత పరీక్ష పెట్టకుండా, మీకు కనిపించిన ఒక లివర్‌ని ఫొటో తీసి తెమ్మన్నాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ ఎవరికి పాఠం అర్థమైందో తేలడం లేదు. మంచి ఫోన్ ఉన్న పిల్లలకే ఎక్కువ మార్కులు పడతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మేడమ్, ఫొటో ఎంత అందంగా ఉందో వదిలేసి, ఎటువైపు నుంచి తీశారో చూడండి. కత్తెరను మొనల వైపు నుంచి తీస్తే మధ్య స్క్రూ కనిపించదు. తెరిచి పట్టుకుని పైనుంచి తీస్తే వేళ్లు, స్క్రూ, కాగితం తెగే చోటు మూడూ ఫ్రేమ్‌లోకి వస్తాయి. అంటే బలం, ఆధారం, భారం మూడూ దొరికినట్టే. సైన్స్‌లో నాకు కంపోజిషన్, అంటే ఫ్రేమ్‌లో ఏది ఎక్కడ ఉండాలో అమర్చడం, ఇదే. ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టే రూల్ ఆఫ్ థర్డ్స్‌కి ఇక్కడ మార్కులు వద్దు.

అయితే ఒక్క ఫొటో కుదిరిందంటే అదృష్టం కూడా కావచ్చు. అందుకే మూడు అడగండి: దూరంగా, మధ్యలో, దగ్గరగా. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన వలస తల్లి ఫొటో కూడా ఒక్క క్లిక్‌తో వచ్చింది కాదు, గుడారం కనిపించే దూరం నుంచి దగ్గరకు జరుగుతూ తీసిన వరుసలోది. మూడింట్లో ఏది ఎంచుకున్నావు, ఫ్రేమ్ బయట ఏం వదిలేశావు అని నాలుగు వాక్యాలు రాయించండి. నేను 10కి 4 ఫొటోలో భాగాలు కనిపించినందుకు, 6 ఆ రాతకు వేస్తాను.

ప్రశ్న: నెట్‌లోంచి దించుకుంటే? అసలు ఫోన్ లేనివాళ్లు?

జవాబు: రోల్ నంబర్ రాసిన చీటీ వస్తువు పక్కన పెట్టి తీయమనండి. ఫోన్ లేకపోతే అట్టముక్కలో చిన్న కిటికీ కోసి, అందులోంచి కనిపించింది గీయమనండి, మార్కులు అవే. మనుషుల ముఖాలు అక్కర్లేదు, చేతులు చాలు.

ప్రశ్న అడిగిన మేడమ్: ఈ వారం చేయించాను. ఒక పాప స్టేప్లర్ తీసింది. మూడు ఫొటోల్లోనూ వెనక కీలు లేదు. ఎందుకు వదిలేశావంటే, "అక్కడ ఏమీ జరగదు కదా మేడమ్" అంది. ఆధారం అంటే కదలకుండా ఉండే చోటని నేనే సరిగా చెప్పలేదేమో. రేపు స్టేప్లర్ పట్టుకుని మళ్లీ చెప్తాను.